పాట వింటూ రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన రెండు కథలూ, నవల తొలి అధ్యాయాలూ అందాయి. రాత్రిళ్ళు హాస్టల్ గదిలో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ రాస్తానని, పాట ఆగితే కలమూ ఆగిపోతోందని, ఇది రచనకు బలమో బలహీనతో చెప్పమని అడిగావు. సంగీతం నా రచనకు చేసిన మేలు చాలా పెద్దది కాబట్టి నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోలేను. అయితే ఆ మేలు నువ్వు వెతుకుతున్న చోట లేదు. రాసే గంటలో కన్నా, కలం పక్కన పెట్టి శ్రద్ధగా వినే గంటలో అది ఎక్కువగా దొరుకుతుంది.

ముందుగా నీ రెండో కథలోని బస్టాండు ఘట్టాన్ని చూద్దాం. కొడుకు బస్సెక్కుతాడు, తల్లి కిటికీ పక్కన నిలబడుతుంది, బస్సు కదులుతుంది. ఆ పేజీ నిండా గుండె బరువెక్కడం, కళ్ళు చెమర్చడం, గొంతు పూడుకుపోవడం ఉన్నాయి గాని, ఆ తల్లి చేతిలో ఏముందో, బస్సు బయల్దేరే లోపు వాళ్ళిద్దరూ అసలు సంగతి వదిలేసి ఏ పనికిరాని విషయం మాట్లాడుకున్నారో ఎక్కడా లేదు. ఆ పేజీ రాస్తున్నంతసేపూ నీ చెవిలో ఏదో విషాద గీతం నడుస్తూ ఉండి ఉంటుందని నా అనుమానం. నీకు నిజంగానే కన్నీళ్ళు వచ్చి ఉంటాయి. కాని వాటిని తెప్పించింది ఆ వరస కట్టినవారు, ఆ పాడిన గొంతు, వెనక వినిపించే వయొలిన్లు. నీ వాక్యానికి ఆ కన్నీళ్ళలో భాగం లేదు. పాఠకుడికి ఆ పాట వినిపించదు, అతని ముందున్నది కాగితం ఒక్కటే. సంగీతం వింటూ రాసేవారికి ఉన్న పెద్ద ప్రమాదం ఇదే: పాట కలిగించిన అనుభూతిని మనం మన రచన కలిగించిందని నమ్మి, చేయవలసిన పని చేయకుండానే పేజీ తిప్పేస్తాం. అందుకే ఏది వింటూ రాసినా సరే, రాసినదాన్ని మర్నాడు ఏ చప్పుడూ లేని చోట కూర్చుని పైకి చదువుకో. అప్పుడు నిన్ను కదిలించని వాక్యం ఇంకెవరినీ కదిలించదు.

రాస్తున్నప్పుడే వినాలనుకుంటే తెలుగు సాహిత్యం, అంటే తెలుగు మాటలు, ఉన్న పాటలు మాత్రం వద్దు. నువ్వు వెతుక్కుంటున్న మాటకు పాటలోని మాట అడ్డు వస్తుంది. దానికి వరస కూడా తోడుంటుంది కాబట్టి తరచుగా అదే గెలుస్తుంది. నీ మొదటి కథలో వెన్నెలను, వర్షాన్ని వర్ణించిన తీరు ఆ దారినే వచ్చిందనిపించింది. ఈమని శంకరశాస్త్రి గారి వీణో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలినో పెట్టుకో. అయితే బాగా తెలిసిన కృతిని, అంటే మాటలతో కూర్చిన శాస్త్రీయ కీర్తనను, వాద్యం మీద వాయించినా సాహిత్యం మన మనసులో పలుకుతూనే ఉంటుంది గనుక, నేను కృతుల జోలికి పోకుండా, రాగాన్ని సాహిత్యం లేకుండా విస్తరించే ఆలాపనా, తానమూ ఎంచుకుంటాను. వాటిలో లయా భావమూ ఉంటాయి, మాటల పోటీ ఉండదు.

ఇక కలం పక్కన పెట్టి వినడం గురించి. త్యాగరాజస్వామి (1767–1847) కృతుల్లో సంగతుల పద్ధతిని, అంటే ఒకే పంక్తిని స్వరాలు మారుస్తూ మళ్ళీ మళ్ళీ పాడే తీరును, నువ్వు ఓపికగా గమనించాలని నా కోరిక. ఖరహరప్రియ రాగంలోని ‘చక్కని రాజమార్గము’ పల్లవిని ఒక మంచి గాయకుడు పాడుతుంటే విను. సాహిత్యం మారదు. అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, కాని వచ్చిన ప్రతిసారీ స్వరాల నడక కొంచెం విస్తరిస్తుంది. మొదటి సంగతి దాదాపు ఒక మామూలు మాటలా ఉంటుంది. తరువాతి సంగతుల్లో అదే మాట ప్రశ్నవుతుంది, మందలింపవుతుంది, చివరికి వేదనవుతుంది. ఒక సంగతిని దాటేసి తరువాతిదానికి దూకితే ఆ ఎదుగుదల చెడిపోతుంది. మొదటే పెద్ద సంగతి పాడేస్తే ఆ తరువాత వెళ్ళడానికి చోటే మిగలదు. నవలా రచనలో ఇంతకు మించిన పాఠం నాకు మరొకటి దొరకలేదు.

నీ నవలలో తాతగారు మూడు అధ్యాయాల్లోనూ ‘చూద్దాంలే’ అంటారు. ఆ మాట ఎంచుకోవడం నీ ప్రతిభే. విన్న వెంటనే మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. కాని మూడు చోట్లా ఆయన ఒకే విధంగా అన్నారు, ఒకే విధంగా కండువా సర్దుకున్నారు. మొదటిసారి అది మనవడికి ఓదార్పుగా వినిపించనివ్వు. పొలం సంగతి వచ్చినప్పుడు అదే మాట తప్పించుకోవడంగా మారనివ్వు. కూతురు ఇంటికి తిరిగి వచ్చి తన వాటా అడిగిన రోజున అదే ‘చూద్దాంలే’ తలుపు మూసినంత కఠినంగా పడాలి. అక్షరం మార్చవద్దు. చుట్టూ ఉన్న పరిస్థితే స్వరం మార్చాలి.

కథలు రాసేటప్పుడు పాత గ్రామఫోను రికార్డులు కూడా విను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పది అంగుళాల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టేది కాదు. కచేరీలో ‘రాగం తానం పల్లవి’ అనే విస్తారమైన అంశానికి గంటకు పైగా తీసుకోగలిగిన విద్వాంసులే, ఆ కొద్ది వ్యవధిలో రాగచ్ఛాయను చూపించి కృతిని ముగించవలసి వచ్చేది. ఏం వదిలేశారో గమనించు. ఆలాపన మొదటి పలుకులోనే ఇది ఏ రాగమో తేల్చేస్తారు. ఆ తరువాత ఒక్క ప్రయోగమూ వృథాగా పోనివ్వరు. నీ మొదటి కథలో ఊరి వర్ణనకే రెండు పేజీలు పట్టింది. నవలకైతే అది చెల్లుతుంది.

క్షేత్రయ్య పదాలను, అంటే ఆయన రాసిన శృంగార గీతాలను, కొన్ని సంప్రదాయాల్లో పల్లవితో కాకుండా, దాని తరువాత రావలసిన అనుపల్లవితో ఎత్తుకుంటారు. నాయిక ఎవరితో మాట్లాడుతోందో, ఏం జరిగిందో మనకు తెలియకముందే మాట సగంలో ఉంటుంది. పల్లవి వచ్చేసరికి, అప్పటిదాకా విన్నదంతా ఒక్కసారిగా అర్థమవుతుంది. కథను పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టే అలవాటు నీకు ఉంది కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

మన భాషలో వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి, వరసగా ‘వచ్చాడు, కూర్చున్నాడు, చూశాడు, అన్నాడు’ అని రాసుకుంటూ పోతే ప్రతి వాక్యమూ ఒకే దెబ్బతో తెగిపడుతుంది. మృదంగం బాగా విన్న చెవి ఈ లోపాన్ని కంటికన్నా ముందు పట్టేస్తుంది. మిశ్రచాపు తాళంలో మూడూ నాలుగూ కలిసి ఏడక్షరాల నడక ఎలా ఏర్పడుతుందో కొన్నాళ్ళు చేత్తో వేసుకుంటూ విను. ఆ తరువాత నీ పొడుగు వాక్యం పక్కన పొట్టి వాక్యం ఎక్కడ పడాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

మరో విషయం. కథలోని మనిషి సంగీతం వింటే, అతనికి తెలియని రాగం పేరు నువ్వు చెప్పవద్దు. నీ మూడో అధ్యాయంలో సైకిల్ షాపు కుర్రవాడు గుడి దగ్గర నాదస్వరం వింటూ ‘ఇది కాంభోజి’ అనుకుంటాడు. ఆ జ్ఞానం అతనిది కాదు, నీది. అతనికి తెలిసేది వాయించేవాడి ఉబ్బిన బుగ్గలు, డోలు దెబ్బ, ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఏడ్చే పసిపిల్ల. అందులోంచే నాదాన్ని పాఠకుడికి చేర్చాలి.

తరువాతి అధ్యాయంలో పెళ్ళి ఉందని రాశావు. దాన్ని మొదలుపెట్టే ముందు, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విను. వీలైతే ఒక పెళ్ళికి వెళ్ళి మేళం వాళ్ళ పక్కనే కూర్చో. పురోహితుడు చెయ్యెత్తగానే వాళ్ళు వాయిస్తున్నదాన్ని అక్కడికక్కడే తెంచి గట్టిమేళం అందుకుంటారు. ఆ క్షణంలో ఏ అశుభపు మాటా చెవిన పడకూడదన్నది పెద్దలు చెప్పే కారణం. నీ కథలో పెళ్ళికూతురు తండ్రి సరిగ్గా అప్పుడే తన అన్నగారితో అప్పు సంగతి చెప్పాలని నువ్వు అనుకుంటున్నావు. ఆ మాట అన్నగారికి వినిపించిందా లేదా అన్నది ముందు నువ్వు తేల్చుకుని, ఇయర్‌ఫోన్లు లేకుండా ఆ అధ్యాయం రాసి, బస్టాండు పేజీతో కలిపి నాకు పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి