ఫోన్ చేసింది ఎవరో చూడు, చిన్నా

చిన్నా,

నీ స్క్రీన్‌షాట్ చూశాను. హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, గదిలో ఉన్న డెస్క్‌టాప్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో (ఒక కంప్యూటర్‌ని ఇంకోదాన్నుంచి నడిపే సదుపాయం) వెళ్దామనుకున్నావు. ఆ డెస్క్‌టాప్‌లోని విండోస్ ఫైర్‌వాల్‌లో (ఏ కనెక్షన్‌ని రానివ్వాలో, పోనివ్వాలో చూసే కాపలాదారు) ముందే ఉన్న రూల్స్ డిసేబుల్ చేసి, సొంతంగా ఒకటి రాశావు. అందులో లోకల్ అడ్రస్ దగ్గర ల్యాప్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), రిమోట్ అడ్రస్ దగ్గర డెస్క్‌టాప్ ఐపీ పెట్టావు. తలకిందులైంది అక్కడే.

తప్పు నీది కాదులే, ఆ పేరుదే. 'రిమోట్ డెస్క్‌టాప్' అనగానే దూరంగా ఉన్న డెస్క్‌టాపే రిమోట్ అనిపిస్తుంది. కానీ ఆ రూల్ ఉన్నది డెస్క్‌టాప్‌లో. రూల్ ఏ మెషీన్‌లో ఉంటే అదే లోకల్, అవతలిది రిమోట్. నువ్వు ఎక్కడ కూర్చున్నావన్నది దానికి అనవసరం.

ఇక ఇన్‌బౌండ్ (లోపలికొచ్చే కనెక్షన్), అవుట్‌బౌండ్ (బయటికెళ్లే కనెక్షన్). డేటా ఎటు పోతోందని చూడకు, ఫోన్ ముందు ఎవరు చేశారో చూడు, అంటే కనెక్షన్ మొదలుపెట్టింది ఎవరో. మీ అత్తయ్య వాళ్ల చెల్లెలికి ఫోన్ చేస్తుంది, గంటసేపు అవతల ఆ చెల్లెలే మాట్లాడుతుంది. అయినా కాల్ మనదే, అది అవుట్‌బౌండ్. సినిమా డౌన్‌లోడ్ చేసినా అంతే: జీబీలకు జీబీలు లోపలికొస్తున్నా, అడిగింది మనం. ఇది తెలియక ఒకసారి, నెట్‌కి ఏదో పంపుతున్న ఓ ప్రోగ్రామ్‌కి ఇన్‌బౌండ్ బ్లాక్ పెట్టి హాయిగా పడుకున్నాను. అది తనే ఫోన్ చేసుకుంటూ పోయింది. విండోస్ అవుట్‌బౌండ్‌ని మామూలుగా వదిలేస్తుంది మరి.

పోర్టులదీ (ఒకే మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్‌కి వచ్చిన కాలో చెప్పే నంబర్లు) ఇదే వరస. నీ ఇన్‌బౌండ్ రూల్‌లో 3389 లోకల్ పోర్ట్, ఎందుకంటే ఆ నంబర్ దగ్గర కాచుకుని ఉన్నది డెస్క్‌టాప్. రిమోట్ పోర్ట్ 'ఆల్' అనే వదిలెయ్, ల్యాప్‌టాప్ ప్రతిసారీ ఏదో ఒక పెద్ద నంబర్ ఎంచుకుంటుంది. అదే బ్రౌజర్‌కి అవుట్‌బౌండ్ రూల్ రాస్తే 443 రిమోట్ పోర్ట్ అవుతుంది.

ఫైర్‌వాల్ రాసుకునే లాగ్ (చిట్టా) తెరిస్తే సోర్స్ (పంపినవాళ్లు), డెస్టినేషన్ (అందుకునేవాళ్లు) అని కనపడతాయి. లినక్స్‌లో ఫైర్‌వాల్ పని చేసే ఐపీటేబుల్స్‌లోనూ అవే. ఇవి మాత్రం దిశను బట్టి తారుమారవుతాయి: పంపే ప్యాకెట్‌లో (డేటా ముక్కలో) సోర్స్ మనం, వచ్చే ప్యాకెట్‌లో డెస్టినేషన్ మనం. లోకల్, రిమోట్ అలా మారవు.

ఇప్పుడు నువ్వు రాసిన రూల్ తీసెయ్. పాతవాటిని మళ్లీ ఎనేబుల్ చేసి, ప్రాపర్టీస్‌లో స్కోప్ ట్యాబ్‌కి వెళ్లు. లోకల్ 'ఎనీ' గానే ఉంచి, రిమోట్ దగ్గర 192.168.1.0/24 ఇవ్వు, అంటే 192.168.1తో మొదలయ్యే ఐపీలన్నీ. మీ రౌటర్ ఇచ్చే ఐపీలు 192.168.0తో మొదలవుతుంటే ఆ ప్రకారం మార్చుకో. పాతవాటిని 'ఎనీ'లో వదిలేసి పక్కన ఇంకో గట్టి రూల్ రాసినా లాభం లేదు, పాతదే అందరినీ రానిస్తుంది. బ్లాక్ రూల్ ఒకటి ఉంటే మాత్రం అలౌ మీద అదే గెలుస్తుంది, ఆ జాబితా కూడా ఓసారి చూడు.

అప్పటికీ కుదరకపోతే, వైఫై పబ్లిక్ నెట్‌వర్క్‌గా (విండోస్ నమ్మని బయటి నెట్‌వర్క్‌గా) పడిందేమో చూడు. ఆదివారం నేనొస్తాను. ఈలోగా విసుగొచ్చి ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసి కూర్చోకు.

మామయ్య