కండ్లు మూసుకుని చెయ్యి లేపినట్టు అనుకుంటె జబ్బ నొప్పి తగ్గుతదా?

అక్కా, మీ ఫిజియో చెయ్యి లేపకుండనే లేపుతున్నట్టు మనసుల అనుకొమ్మన్నది, ఇదేమన్న పైసలు గుంజే కథనా అని అడిగిన్రు గదా, నేను గూడ ముందుగాల గట్లనే అనుకున్న. మాది మహబూబ్‌నగర్. కుడి జబ్బ రెండేండ్లు నొచ్చింది, షుగర్ ఉంది కాబట్టి ఫ్రోజెన్ షోల్డర్ అన్నరు, బిగుసుడు కొంచెం ఇడిసింది గని నొప్పి మాత్రం పోలె. దండెం మీద బట్టలు ఆరేసుడు బంద్, జొన్న రొట్టె కొట్టుడు బంద్, మా ఇంట్ల రొట్టె లేకుంటె రాత్రి తిన్నట్టే ఉండది.

మా ఫిజియో మేడం ఫస్ట్ ఫోన్ల ఫొటోలు చూపెట్టి ఇది కుడి జబ్బనా ఎడమదా జల్ది చెప్పు అనేది. పిల్లల ఆట లెక్క అనిపించింది గని, ఎడమది టక్కున చెప్తున్న, కుడిది వస్తె తడబడుతున్న! శాన రోజులు నొప్పి ఉన్నోళ్లల్ల కొందరికి ఇట్లనే అయితదట.

తర్వాత ఊహ. టీవీల ఎవర్నో చూసినట్టు గాదు, నా చెయ్యి లోపల్నుంచి నాకు తెల్వాలె, తడి టవల్ బరువు, దండెం తీగ చల్లదనం అన్ని. మొదటి రోజు దండెం దాక పోయిన అంతే, చెయ్యి ఒళ్లోనే ఉంది గని నిజంగనే సలుపు మొదలైంది, చెమటలు గూడ పట్టినయి. గప్పుడు నమ్మిన. నిజంగ కదిలిస్తె పనిచేసే మెదడు భాగాల్ల శాన మటుకు ఉత్తగ అనుకున్నా పనిచేస్తయంట, అందుకే నొప్పి గూడ లేస్తది. మేడం దండెం వద్దన్నది, పిండిల చెయ్యి పెట్టుడు కాడ మొదలు పెట్టించింది, నొప్పి లేకుంటెనే పిసుకుడు, తర్వాత రొట్టె కొట్టుడు, ఆఖరికి పెంక మీద ఏసుడు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది. మా ఆయనైతే ఊహల రొట్టెలు ఎన్నైనయి, కూర ఎయ్యాల్నా అని ఒకటే నవ్వుడు.

ఇది మా మేడం కనిపెట్టింది గాదు, ఆస్ట్రేలియాల లోరిమర్ మోస్లీ అనే ఆయన 2004ల సీఆర్‌పీఎస్ అనే మొండి నొప్పి ఉన్నోళ్ల మీద ఇదే వరుసల చేసి చూసిండు: ఫొటోలు, ఊహ, ఆఖరికి అద్దం, అంటె మంచి చెయ్యిని అద్దంల చూసుకుంట కదిలిస్తె నొప్పి చెయ్యే కదులుతున్నట్టు కనవడుడు. అద్దం ఉపాయమైతే అంతకు ముందే మెదడు మీద పరిశోధన చేసే మన రామచంద్రన్ గారు, చెయ్యి తీసేసినోళ్లకు లేని చేతిల నొప్పి వస్తుంటె చూపెట్టిండు. జబ్బకు అద్దం అంతగ కుదరదు, నేనైతే రెండు రోజులు చేసి ఇడిసిన. జబ్బ నొప్పికి దీని రుజువులు ఇంక తక్కువనే, మంత్రమేం గాదు.

నాకు మూడు నెలలకు దండెం అందింది. రొట్టెలు నాలుగైతె కొడ్త, ఐదోది మా ఆయన వంతు. గని ఊహతోని పాటు గోడ మీద వేళ్లు పాకిచ్చుడు, కర్ర పట్టుకుని లేపుడు అన్ని చేసిన. మీ ఫిజియో ఎక్సర్‌సైజులేం లేకుండ ఉత్త ఊహలే చేపిస్తుంటె ఎందుకని అడగున్రి. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, జ్వరం ఉన్నా ముందు డాక్టర్‌కు చూపెట్టున్రి, ఎడమ జబ్బతో పాటు ఛాతి బరువైతె మాత్రం ఊహలు గీహలు పక్కన పెట్టి వెంటనే దవాఖానకు పోవాలె.