పన్నెండేళ్ల సిలబస్ ఇప్పుడే రాయకండి

అక్కా, బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న పాపకు ఏడేళ్లని, ఒకటి నుంచి ఇంటర్ వరకు ఏ ఏడు ఏం చెప్పాలో పట్టిక వేయబోయి తల పట్టుకున్నారని రాశారు. ఆ పట్టిక పక్కన పెట్టండి. చివరి నుంచి వెనక్కి రండి.

బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఒక భాషతో కలిపి కనీసం 5 సబ్జెక్టులు చాలు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. లెక్కలు తప్పనిసరి కాదు. అయినా వదలకండి, తర్వాత ఎంపీసీ అంటే ఇరుక్కుపోతారు. నడుమ ధ్రువపత్రం కావాలంటే అక్కడే ఎ, బి, సి స్థాయిలున్నాయి. అవి 3, 5, 8 తరగతులకు సమానం. కాబట్టి పదో తరగతి లోపు మీకు కావలసినవి ఈ మూడు మజిలీలే.

మొదటి మజిలీకి చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, ఎక్కాలు. తెలుగును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలే ‘స్వాతంత్ర్యం’ రాయమంటే వత్తుల దగ్గర ఆగిపోతారు. రోజుకు ఐదు వాక్యాల డిక్టేషన్, వారానికో వేమన పద్యం పెట్టుకోండి.

ఎనిమిదో తరగతి నాటికి శాతాలు రావాలి. కరెంటు బిల్లు చేతికిచ్చి, శ్లాబుల వారీగా మొత్తం, అందులో ఒక్కో శ్లాబు ఎంత శాతమో లెక్కకట్టమనండి; ఒక అధ్యాయం అందులోనే అయిపోతుంది. సైన్సు, సాంఘికానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. వాటి విషయసూచికే మీ పట్టిక.

ఒక్కో ఏడాదికి మాత్రమే వివరంగా రాసుకోండి, అదీ పెన్సిల్‌తో.