అడ్వాన్స్ కంటే ముందు, ఆ ఫోన్ ఎవరిదో కనుక్కోండి

మీ క్లినిక్‌లో అడ్వాన్స్ కట్టించుకుంటే అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టేవాళ్ళు తగ్గుతారా అని అడిగారు. కరీంనగర్‌లో ఒక షుగర్ క్లినిక్ రిసెప్షన్‌లో ఆరేళ్ళు కూర్చున్నాను. అడ్వాన్స్ మేమూ పెట్టి చూశాం. దాంతో అపాయింట్‌మెంట్ తీసుకోవడమే మానేసి, ఎప్పుడు పడితే అప్పుడొచ్చి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. రెండు నెలలకే ఎత్తేశాం.

ముందురోజు మెసేజ్ వెళ్ళేది, అయినా వచ్చేవారు కాదు. ఓ రోజు ఓపీ ఖాళీగా ఉంటే, రానివాళ్ళకి వరసపెట్టి ఫోన్లు చేశాను. ఒక పెద్దమ్మ నంబరుకి చేస్తే బెంగళూరులో ఉన్న కొడుకు ఎత్తాడు. "మెసేజ్ వచ్చిందండీ, అమ్మకి చెప్పడం మర్చిపోయా" అన్నాడు. ఇంకో నంబరు మనవడిది. మరొకటైతే, మొదటిసారి దింపిపోయిన ఆటో అతనిది! పైగా మెసేజ్ ఇంగ్లిష్‌లో. అప్పట్నుంచి "నంబరు చెప్పండి" అనడం మానేసి "ఈ ఫోన్ ఎవరి దగ్గరుంటది?" అని అడిగేదాన్ని. పెద్దవాళ్ళకి మెసేజ్ కాదు, ముందురోజు సాయంత్రం నేనే ఫోన్ చేసేదాన్ని.

ఇక తేదీ. హెచ్‌బీఏ1సీ పరీక్షకి కంప్యూటర్ సరిగ్గా తొంభయ్యో రోజు ఇచ్చేది. అది అమావాస్యో, నాట్ల రోజో దానికేం తెలుసు? పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకుని ఎవరొస్తారు? ఆ పరీక్ష చూపేది రక్తంలో షుగర్ రెండు మూడు నెలల సగటు, వారం అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. "మీకు ఏ రోజు వీలు?" అని అడిగి, వాళ్ళు చెప్పిన తేదీనే చీటీ మీద పెద్దక్షరాలతో రాసిచ్చేదాన్ని.

కొందరికి భయం. "గోళీలు మధ్యల ఆపిన బిడ్డా, సారు తిడతడు." ఇలాంటివాళ్ళకి ఏ మెసేజూ పనిచేయదు. సారు ఏమీ అనరని మాటివ్వాలి, అంతకుముందే సారుకి ఆ సంగతి చెప్పి ఒప్పించాలి. నాకు కష్టమైంది ఈ రెండోదే.

లండన్‌లో బార్ట్స్ ఆసుపత్రుల్లో "మీరు రాకపోతే ప్రభుత్వ వైద్య సేవకి సుమారు 160 పౌండ్లు నష్టం" అని మెసేజ్‌లో చేరిస్తే, రానివాళ్ళు 11.1 శాతం నుంచి 8.4కి తగ్గారని 2015లో ఒక అధ్యయనం వచ్చింది. మా డాక్టరుగారు అది చదివి మనమూ పెడదామన్నారు. వద్దన్నాను. అక్కడ నడిచేది ప్రజల పన్నులతో. ఇక్కడ జేబులోంచి ఫీజు కట్టేవాళ్ళకి మన నష్టంతో పనేంటి?

అన్నిటికంటే పెద్ద తప్పు మాదే. పరగడుపున ఎనిమిదింటికి రమ్మని, రక్తం తీసేది పదింటికి. షుగర్ మనిషి అంతసేపు అలా కూర్చుంటే మళ్ళీ ఎందుకొస్తాడు? ఏమీ తినకుండా వచ్చినవాళ్ళని నేరుగా ల్యాబ్‌కి పంపడం మొదలుపెట్టాకే, ఇచ్చిన టైముకి రావడం కనిపించింది. మీ దగ్గర పదింటి టైమ్ ఇచ్చినవాళ్ళని ఎన్నింటికి లోపలికి పిలుస్తున్నారో ఒక వారం రాసి చూడండి. అడ్వాన్స్ మాట ఆ తర్వాత.