పిల్లల్ని తర్వాత పిలిపించుకుంటామంటున్న తమ్ముడికి

దుబాయ్‌లో ఏడు వేల దిర్హమ్‌ల ఉద్యోగం వచ్చిందట. భార్యాభర్తలిద్దరూ ముందు వెళ్లిపోయి, ఆరేళ్ల పెద్దోణ్ణి తిరుపతిలో హాస్టల్లో, చిన్నదాన్ని చిత్తూరులో అవ్వ దగ్గర పెట్టి, ఏడాది తర్వాత పిలిపించుకుంటే ఎలా ఉంటుందని ఒక తమ్ముడు అడిగాడు.

వద్దు తమ్ముడూ. నీ జీతానికి ఆ ఎడబాటు అక్కర్లేదు. యూఏఈలో కుటుంబాన్ని స్పాన్సర్ చేయాలంటే, అంటే నీ వీసా మీద తెచ్చుకోవాలంటే, నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. మిగతా రూల్సు ప్రభుత్వ సైటులో చూసుకో. మనవాళ్ల పిల్లలు ఏళ్లతరబడి ఊళ్లో ఉండిపోవడానికి చాలాసార్లు కారణం రెండే: కాగితాలు సరిగా లేకపోవడం, మొదటి మూణ్ణెల్ల ఖర్చుకు చేతిలో డబ్బు లేకపోవడం. ఈ రెండూ విమానం ఎక్కకముందు తేల్చుకోవాల్సినవే.

ముందు జనన ధ్రువపత్రం తీసి చూడు. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. మీది పలమనేరైనా, కాన్పు తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో జరిగుంటే తిరుపతి కార్పొరేషన్‌కే వెళ్లాలి, మీ పంచాయతీ సెక్రటరీ చుట్టూ తిరిగి లాభం లేదు. తొలికాన్పు పుట్టింటి వైపు జరిగిన ఇళ్లలో ఈ తికమక ఎక్కువ. నామకరణానికి ముందే నమోదు చేసుంటే పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్లదాకా ఆలస్య రుసుముతో పేరు చేరుస్తారు. తండ్రి పేరు దగ్గర ఆసుపత్రి వాళ్లు "కె. సురేష్" అని రాసేసి ఉంటారు. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే దిద్దించు. ఈ దిద్దుబాట్లన్నీ అటెస్టేషన్‌కు, అంటే కాగితాల మీద ప్రభుత్వ ముద్రలు వేయించడానికి, ముందే అయిపోవాలి. తర్వాత దిద్దితే కొత్త సర్టిఫికెట్టు మీద ముద్రలన్నీ మళ్లీ మొదటినుంచి వేయించాలి, మళ్లీ డబ్బు.

పెళ్లి కొండమీద జరిగింది, ఫొటోలున్నాయి, పత్రిక ఉంది అంటే చాలదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. దానికీ, పిల్లల జనన ధ్రువపత్రాలకూ రాష్ట్ర ప్రభుత్వం, ఆ తర్వాత మన విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి అక్కడికెళ్లాక అక్కడి విదేశాంగ శాఖ, ఈ వరుసలో ముద్రలు పడాలి. మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఒక్కటి చాలనే ఏజెంటుకు డబ్బు కట్టొద్దు.

పిల్లల పాస్‌పోర్టులు నువ్వు ఊళ్లో ఉండగానే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో చేయించు. తల్లిదండ్రులిద్దరి సమ్మతితో అనెక్షర్ డి అనే ధ్రువీకరణ ఫారం ఇవ్వాలి. ఒకరు విదేశంలో ఉంటే ఆ కాగితం మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాల్సి వస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు.

ఇప్పుడు డబ్బు. నేను మరీ మరీ చెప్పేది దీని గురించే, కొత్తగా వచ్చే కుర్రాళ్లు జీతం చూస్తారే గాని ముందు పెట్టాల్సింది చూడరు. బెడ్‌స్పేస్, అంటే గదిలో ఒక్క మంచం అద్దె, మీద కుటుంబ వీసా రాదు, నీ పేరు మీద ఎజారీ చేసిన (దుబాయ్ ప్రభుత్వం దగ్గర నమోదు చేసిన) అద్దె ఒప్పందం కావాలి. ఏడాదికి 36,000 దిర్హమ్‌ల ఇల్లనుకో. డిపాజిట్ 5 శాతం అంటే 1,800. బ్రోకరు కమీషన్ ఇంకో 1,800. దీవా (దుబాయ్ కరెంటు, నీళ్ల సంస్థ) డిపాజిట్ 2,000. అద్దె నాలుగు చెక్కులకు ఒప్పుకుంటే మొదటి చెక్కు 9,000. మొత్తం 14,600, రెండు నెలల జీతం పైమాటే. మనిషికింత చొప్పున వీసా, ఎమిరేట్స్ ఐడీ, ఆరోగ్య బీమా వేరే. అందుకని కారు, ఐఫోను, చెల్లి పెళ్లి అప్పు అన్నీ దీని తర్వాతే. ఊళ్లో హాస్టలు ఫీజు, అవ్వకు పంపేది, సెలవులకు రాకపోకల టికెట్లు కూడి చూడు. విడిగా బతకడం అనుకున్నంత చౌక కాదు.

అందుకే నా లెక్క ఇది. నువ్వొక్కడివే జనవరిలో వెళ్లు. పిల్లలు తల్లితోనే, ఇప్పుడున్న ఇంట్లోనే, ఇప్పుడున్న బళ్లోనే ఉండాలి. నీ రెసిడెన్సీ వీసా, ఇల్లు కుదరగానే మార్చి చివరికి ముగ్గుర్నీ రప్పించు. దుబాయ్‌లో మన సిలబస్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి, సెప్టెంబరులో వచ్చి సీటు వెతుక్కోవడం కష్టం. టీసీ మీద ఎవరి సంతకం కావాలో చేరబోయే స్కూల్నే అడుగు. ఒక బిడ్డను తెచ్చి ఇంకొకర్ని వదిలేయడం మాత్రం చేయొద్దు. ఊళ్లో మిగిలిన బిడ్డ నన్నెందుకు వదిలేశారని అడుగుతుంది, దానికి నువ్వేం చెప్పినా సరిపోదు.

పీలేరు, రాయచోటి వైపు నుంచి ఇంటిపని వీసాల మీద కువైట్ వెళ్లే తల్లుల సంగతి వేరు. వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లలేరు. మీ ఊళ్లో అలా బయల్దేరబోతున్న ఒంటరి తల్లి ఉంటే, బిడ్డను అనాథాశ్రమంలో వేయకముందే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పంపు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద వితంతువులు, భర్త వదిలేసిన తల్లులు ఆదాయ పరిమితిలో ఉంటే, బిడ్డ ఇంట్లోనే పెరగడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. 2015 బాల న్యాయ చట్టం కూడా ఆశ్రమాన్ని చివరి మార్గంగానే పెట్టింది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమను. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బిడ్డ స్టడీ సర్టిఫికెట్, భర్త పోయుంటే మరణ ధ్రువపత్రం చేతిలో పెట్టుకుని వెళ్లమను.