ఇరవై నెలలకే అక్క

మీ బాబుకు 22 నెలలు, పాపకు 2 నెలలు. పురుడు పోయడానికి వచ్చిన మీ అమ్మగారు వచ్చే వారం ఊరికి వెళ్లిపోతున్నారు, ఆ తర్వాత ఇద్దరినీ ఒక్కదాన్నే ఎలా చూసుకోవాలి అని అడిగారు. ప్రశ్న చదవగానే మా అమ్మ బస్సు ఎక్కిన రోజు గుర్తుకు వచ్చింది. మా అమ్మాయికి 20 నెలలు ఉండగా అబ్బాయి పుట్టాడు. గాజువాకలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. ఇప్పుడు అమ్మాయికి ఐదేళ్లు నిండాయి కాబట్టి ఇదంతా నవ్వుతూ రాయగలుగుతున్నాను.

అమ్మ వెళ్లిన మొదటి రోజు పదకొండు గంటలైనా నేను పళ్లు తోముకోలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చంటివాడికి పాలివ్వడానికి కూర్చోగానే అమ్మాయి నా జడ పట్టుకుని లాగడం, నేను కసరడం, ఆమె ఏడవడం, ఆ ఏడుపుకు వాడు ఉలిక్కిపడి పాలు వదిలేసి ఏడవడం. ముగ్గురం ఏడ్చాం అంటే అతిశయోక్తి కాదు.

పని ఎక్కువైందనే నేను అప్పట్లో అనుకున్నాను. అసలు తిప్పలు ఒక మాటతో మొదలయ్యాయని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచే ఇంట్లో అందరం ఆ పిల్లకు ‘నువ్విప్పుడు అక్కవి’ అని చెప్పడం మొదలుపెట్టాం. అక్కవి కదా, ఏడవకూడదు. అక్కవి కదా, ఎత్తుకోమని అడగవచ్చా? అక్కవి కదా, నీ అన్నం నువ్వే తినాలి. ముందు రోజు దాకా చంకదిగని పిల్ల రాత్రికి రాత్రి పెద్దదైపోయింది. పైగా చూడటానికి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ‘తమ్ముడొచ్చేశాడుగా, ఇక నిన్నెవరు ఎత్తుకుంటారే?’ అని ఆటపట్టించేవారు. వాళ్లకు అది సరదా. ఆ పిల్ల మాత్రం నిజమని నమ్మింది. చివరికి మా పెద్దమ్మతో ‘ఆ మాట వద్దు పెద్దమ్మా’ అని మొహం మీదే చెప్పాను. రెండు రోజులు ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు, ఫరవాలేదు.

మా అబ్బాయికి 20 నెలలు వచ్చినప్పుడు వాడిని ఇంకా ‘చంటివాడు’ అనే పిలుస్తున్నామని ఒక రోజు హఠాత్తుగా స్ఫురించింది. అదే వయసులో వాడి అక్కను మేం ‘పెద్దది’ అన్నాం. మీ ఇంట్లోనూ ఒక పెద్దపిల్లాడు, ఒక చంటిపాప ఉన్నారని అనుకోకండి, ఇద్దరు చంటిపిల్లలు ఉన్నారనుకోండి. నేను చేసిన మార్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

ముందు పాలిచ్చే సమయం సంగతి. మంచం మీద కూర్చోవడం మానేసి గదిలో చాప వేసుకున్నాను, ఇద్దరూ చేతికి అందేలా. కింది ఇంటావిడ చెప్పిన చిట్కా ఒకటి బాగా పనిచేసింది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పాత గాజులు, గరిటెలు, ఖాళీ పోపుల డబ్బా, నా పాత చున్నీ వేసి, పాలిచ్చేటప్పుడు మాత్రమే దించేదాన్ని. పని అవగానే మళ్లీ అటక మీదికి. రోజంతా అందుబాటులో ఉంటే ఏ బొమ్మకూ విలువ ఉండదు. వారానికోసారి అందులో రెండు వస్తువులు మార్చేదాన్ని. కూర్చునే ముందే నీళ్ల సీసా, అమ్మాయికి కాసిన్ని అటుకులు పక్కన పెట్టుకునేదాన్ని, మధ్యలో లేవకుండా.

తినే వస్తువుల విషయంలో ఒక హెచ్చరిక. వాడికి మూడో నెలలో, నేను స్టవ్ ఆపి వచ్చేలోగా అమ్మాయి ఎంతో ప్రేమగా ‘ఆమ్’ అంటూ తమ్ముడి నోట్లో బిస్కెట్ ముక్క పెట్టింది. వేలు పెట్టి తీసేసరికి నా కాళ్లు వణికాయి. అదే వేరుశెనగ గింజ అయి ఉంటే? ఆ రోజు నుంచి ఇద్దరినీ ఒకే గదిలో వదిలి అర నిమిషం కూడా పక్కకు వెళ్లలేదు. స్నానాల గదికి వెళ్లాల్సి వచ్చినా పెద్దదాన్ని వెంట తీసుకువెళ్లేదాన్ని. (చూశారా, ఇంత చెప్పి కూడా నేనే పెద్దది అంటున్నాను.) అక్కడ నిండు బకెట్ ఉంచడం కూడా మానేశాను, ఈ వయసు పిల్లలకు బకెట్ నీళ్లు చాలు ప్రమాదం జరగడానికి.

మీ బాబు నేర్చుకున్నవి వదిలేసి మళ్లీ చంటిపిల్లాడిలా చేయవచ్చు, కంగారు పడకండి. మా అమ్మాయి ఉచ్చ వస్తే చెప్పడం అప్పుడప్పుడే నేర్చుకుంది. తమ్ముడు పుట్టిన పది రోజులకు మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టింది. ఒకసారి మూడోసారి దుప్పటి మార్చాల్సి వచ్చి చెయ్యి చేసుకున్నాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత డైపర్లు మళ్లీ మొదలుపెట్టి ఆ సంగతే మాట్లాడటం మానేశాను. రెండున్నరేళ్లకు తనంతట తానే చెప్పింది. వాడికి ఆరు నెలలు నిండి రాగి జావ మొదలుపెట్టినప్పుడు తనకూ ఉగ్గుగిన్నెతోనే కావాలని పట్టుబట్టింది. అత్తయ్య ‘గారాబం ఎక్కువైంది’ అన్నారు. నేను ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెరో చెంచా పెట్టాను. పదిహేను రోజులకు విసుగొచ్చి కంచం అడిగింది.

మా ఆయన సాయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక పొరపాటు ఉంది. మాకు విశ్రాంతి ఇద్దామని అందరూ పెద్దపిల్లనే బయటికి తీసుకువెళ్తారు. ఆయనా అంతే, ‘పద, కొట్టుకు వెళ్దాం’ అనేవారు. ఆ పిల్లకు మాత్రం ప్రతిసారీ తనను పంపించేసి అమ్మ తమ్ముడితో ఉండిపోతున్నట్టే తోచేది. దాన్ని తిరగేశాం. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజుల్లో వాడికి కడుపు నిండగానే ఆయన ఎత్తుకుని మేడ మీదికి వెళ్లేవారు, నేనూ అమ్మాయీ అరగంట మా ఇద్దరమే. పెద్ద ఆటలేమీ కావు, ఇద్దరం కలిసి చిక్కుడుకాయలు వలిచేవాళ్లం. ఆ అరగంట దొరికిన రోజు సాయంత్రం పేచీ సగం తగ్గేది.

రాత్రి షిఫ్టు వారాలు మాత్రం నిజంగా కష్టం. ఆయన పొద్దున వచ్చి పడుకుంటారు, ఉన్నవి రెండే గదులు. కుక్కర్ కూతలన్నీ ఆయన వచ్చేలోగా అయిపోవాలి. తొమ్మిది కాగానే ఇద్దరినీ తీసుకుని కింది వాకిట్లోకి దిగిపోయేదాన్ని, మెట్లు దిగేటప్పుడు వాడు ఎదకు కట్టుకున్న గుడ్డ ఊయలలో, అమ్మాయి నా చెయ్యి పట్టుకుని. మూడంతస్తులు దిగడానికి పావుగంట, ప్రతి మెట్టు మీదా ఒక చీమ కనిపిస్తుంది కదా. వంట అంటే పప్పు, అన్నం, పెరుగు. రెండు మూడు నెలలు మా ఇంట్లో వేపుడు అన్న మాటే లేదు.

ఇద్దరినీ ఒకేసారి నిద్రపుచ్చండి, మీరూ పడుకోండి అని చాలామంది చెబుతారు. నాకు అది కుదరడానికి నాలుగు నెలలు పట్టింది, కుదిరాక కూడా వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో మీ తప్పేదో ఉందని వెతుక్కోకండి.

చివరగా, టీకాల సంగతి. మీ పాపకు 6 వారాలవి అయి ఉంటాయి, 10, 14 వారాలవి వరసగా వస్తాయి. ఆ హడావిడిలో బాబుది మరిచిపోయే ప్రమాదం ఉంది. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ, పోలియో బూస్టర్లు, తట్టు-రుబెల్లా రెండో డోసు ఉంటాయి. ఇంకా వేయించి ఉండకపోతే రెండు నెలలే ఉన్నాయి. మేం తెలివిగా ఇద్దరికీ ఒకే రోజు వేయించాం. ఆ రాత్రి ఇద్దరికీ జ్వరం, ఆయన రాత్రి షిఫ్టులో. ఒక చంకలో ఒకరు, ఇంకో చంకలో ఇంకొకరు, తెల్లారేదాకా హాల్లో తిరిగాను. ఒక్కరే ఉండేటట్లయితే డాక్టరును అడిగి ఇద్దరికీ నాలుగైదు రోజుల తేడా పెట్టుకోండి. వీలైతే బాబుది మీ అమ్మగారు ఉండగానే, ఈ వారమే.