పోలీసు సంస్కరణలు మా ఊరి స్టేషన్ దాకా ఎందుకు రాలేదు?

సంస్కరణల గురించి ఇన్నేళ్లుగా వింటున్నా పట్టణాల్లో మామూలు జనానికి పోలీస్ స్టేషన్ అంటే భయం ఎందుకు పోలేదని అడిగారు. కోస్తాలో మాది ఒక మున్సిపల్ పట్టణం. స్టేషన్ పక్క సందులోనే మా జిరాక్స్ షాపు. కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చేవాళ్లలో చాలామందికి రాసిపెట్టేది నేనే. అక్కడ చూసిందే చెబుతాను.

డీజీపీని ఎవరు నియమించారని మా షాపుకొచ్చేవాళ్లు ఎప్పుడూ అడగలేదు. వాళ్ల టెన్షన్ అంతా ఒక్కటే: లోపల కాగితం తీసుకుంటారా? తీసుకుంటే రసీదు ఇస్తారా? పోలీసుల మీద జనం అభిప్రాయం ఏర్పడేది అక్కడే.

ఒక ఉదాహరణ చెబుతాను. కూరగాయలు అమ్ముకునే ఒకామె బస్టాండులో బస్సెక్కుతుంటే ఎవడో సంచి బ్లేడుతో కోసి ఫోన్ కొట్టేశాడు. ఆ కోసిన సంచి కూడా తెచ్చి నాకు చూపించింది. జరిగింది జరిగినట్టు దొంగతనమనే రాసిచ్చాను. కాసేపటికి తిరిగొచ్చింది. "అన్నా, పోయిందని రాయించుకు రమ్మన్నారు" అంది. ఇలాంటివి నాకు కొత్త కాదు. దొంగతనం అంటే ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు చేయాలి, క్రైమ్ మీటింగులో మీ స్టేషన్ పరిధిలో చోరీలు పెరిగాయేమిటని పైనుంచి అక్షింతలు పడతాయి. పోయిందని రాస్తే, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో ఆ ఫోన్‌కుండే ప్రత్యేక నంబరు (ఐఎంఈఐ) ఎక్కించి బ్లాక్ చేస్తే సరిపోతుంది. ఆ పోర్టల్ బాగానే పనిచేస్తోంది, దానివల్ల ఫోన్లు తిరిగి దొరికినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ ఆ బ్లేడు పట్టుకున్నవాడు ఏ లెక్కలోనూ లేడు. లెక్కలో లేని దొంగ కోసం బస్టాండులో మఫ్టీలో మనిషిని ఎందుకు పెడతారు?

చట్టంలో లోపం లేదు. కేసు పెట్టదగ్గ నేరమని ఫిర్యాదులోనే కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్, ప్రకారం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇచ్చి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

మరి ఎక్కడ ఆగిపోతోంది? నా అభిప్రాయంలో, కుర్చీలో కూర్చున్న అధికారి చూపు పైవైపే ఉండటం వల్ల. పోలీసు సంస్కరణల మీద 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో ఒకటి, స్టేషన్ ఇన్‌చార్జికి కనీసం రెండేళ్లు ఆ పోస్టులో ఉండే భరోసా. ఇంకోటి, శాంతిభద్రతల పని నుంచి దర్యాప్తును విడదీయడం. మూడోది, పోలీసుల మీదే ఫిర్యాదు చేసుకోవడానికి జిల్లా స్థాయిలో కూడా ఒక అథారిటీ. పేపర్లో చదివితే పైవాళ్ల గొడవలా ఉంటుంది. కానీ లోకల్ లీడర్ సిఫార్సు లేఖతో వచ్చి, ఆ లీడరుకు కోపమొస్తే వెళ్లిపోవాల్సిన సీఐకి ఆ కూరగాయలమ్మ కంప్లయింట్ కంటే లీడర్ ఫోన్ కాలే ముఖ్యమవుతుంది. ఆమె సంచికీ 2006 తీర్పుకీ ఉన్న సంబంధం అదీ.

కానిస్టేబుళ్ల సంగతీ చెప్పాలి. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, లోక్‌నీతి అనే పరిశోధన సంస్థ కలిసి చేసిన 2019 సర్వేలో దేశంలో పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని తేలింది. ఇద్దరిలో ఒకరికి వారంలో ఒక్కరోజు సెలవు కూడా దొరకడం లేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. మా షాపుకొచ్చే కానిస్టేబుళ్లు ఇంకా దానికోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. పొద్దంతా మంత్రిగారి బందోబస్తులో ఎండలో నిలబడి, రాత్రికి స్టేషన్ డ్యూటీకొచ్చిన మనిషి ముందుకు కొడుకు కొట్టాడని ఒక ముసలమ్మ వస్తుంది. విసుగంతా ఆమె మీద పడుతుంది. అది తప్పే, నేను సమర్థించను. కానీ డ్యూటీ వేళలు మార్చకుండా మర్యాద మీద ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఆ విసుగు పోదు.

మంచి కూడా చూశాను. మా బజారుకు ఒక బీట్ కానిస్టేబుల్ ఉండేవాడు. ప్రతి షాపులో తన నంబరు రాసిచ్చాడు, ఎవరినైనా పేరు పెట్టి పలకరించేవాడు. ఆయన అడిగితే సీసీ కెమెరా ఫుటేజీ అప్పటికప్పుడు తీసిచ్చేవాళ్లం. బదిలీ అయ్యాక వచ్చినవాళ్లను మేం ఎక్కువగా చూసేది చెట్టుకింద నిలబడి బండ్ల నంబర్లు ఫోటో తీస్తున్నప్పుడే. చలానా తప్పని నేననను. కానీ పోలీసుతో పరిచయం అంతవరకే అయితే, ఏదైనా జరిగినప్పుడు సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు?

మీకు గానీ మీవాళ్లకు గానీ స్టేషన్లో కాగితం తీసుకోకపోతే అక్కడ గొడవపడకండి. బీఎన్ఎస్ఎస్ 173(4) సెక్షన్ ప్రకారం అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. స్పీడ్ పోస్టయితే మంచిది. సాక్షిగా పిలిచారని ఆడవాళ్లు, 60 ఏళ్లు దాటినవాళ్లు స్టేషన్‌కు వెళ్లాల్సిన పని లేదు, అదే చట్టం 179 సెక్షన్ ప్రకారం వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. ఎస్పీ దగ్గరా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేసుకోవచ్చు. అక్కడ ముందుగా ఎస్పీకి పంపినట్టు చూపించాలి కాబట్టి పోస్టు రసీదు, కంప్లయింట్ జిరాక్స్ రెండూ జాగ్రత్తగా దాచుకోండి.